లచ్చవ్వ నూనె డబ్బా

"రెండొందల పన్నెండు! కాకా, రెండొందల పన్నెండు మంది చదివిన్రు!"

అనుపమ కుర్చీలోంచి లేచి గెంతింది. ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని కాస్త నడుం వాల్చిన ఆమె చిన్నాన్న, వీరేందర్ కాక, కళ్ళు నులుముకుంటూ కంప్యూటర్ దగ్గరికి వచ్చాడు. ఆయన ఎయిర్‌పోర్టులో విమానాల్లోకి సామాన్లు ఎక్కించే పని చేస్తాడు. ఆ పాత కంప్యూటర్ ఆయన కొన్నదే. అందులోని బ్లాగు మాత్రం ఏడో తరగతి చదివే అనుపమది. దాని పేరు 'మా శంషాబాద్ ముచ్చట్లు'.

వేసవి సెలవుల్లో మొదలుపెట్టి మొన్నటిదాకా పదకొండు పోస్టులు రాసింది. విమానం తక్కువలో పోతే ఇంటి మీది రేకులు ఎలా అదురుతాయో రాసింది. పహాడీ షరీఫ్ గుట్ట మెట్లెక్కి అలసిపోయిన సంగతి రాసింది. ఏది రాసినా చదివినవాళ్ళు పదిమందికి మించలేదు. అందులోనూ మూడుసార్లు తెరిచి చూసింది తనే.

"జర కారం తగలాలె అనూ. చదివినోళ్లు ఉలిక్కిపడాలె," అంది స్నేహితురాలు భాగ్యలక్ష్మి.

గురువారం పొద్దున అలాంటి ముచ్చటే కంటపడింది. అనుపమ బడికి పోతుంటే, పక్క సందులో లచ్చమ్మ కడాయిలోని నల్లటి నూనెను ఒక రేకు డబ్బాలోకి వంపుతూ కనిపించింది. వంపి, గుడ్డతో మూతి కట్టి, తలుపు వెనక పెట్టేసింది. లచ్చమ్మ హైవే పక్కన మిర్చి బండి పెట్టుకుని బతికే మనిషి. వాడంతా ఆమెను లచ్చవ్వ అంటారు.

'అంటే ఈ నూనెలోనే మళ్ళీ వేస్తుందన్నమాట!' అనుకుంది అనుపమ.

ఆ సాయంత్రమే రాసేసింది. 'మీరు తినే మిర్చి ఏ నూనెలో వేగుతున్నది?' అని పేరు పెట్టింది. లచ్చమ్మ పేరు రాయలేదు గానీ, 'హైవే పక్కన నీలం రంగు బండి' అని రాసింది. ఆ దారిలో నీలం బండి ఒక్కటే ఉంది. కాక దాన్ని డ్యూటీ దోస్తులందరికీ పంపాడు. వాళ్ళు ఇంకా ఎందరికో పంపారు. అలా ఆదివారానికి లెక్క రెండొందలు దాటింది.

సోమవారం బడి వదిలాక అనుపమ బండి వైపు నడిచింది. మామూలుగా ఆ వేళకు డ్యూటీ దిగినవాళ్ళు బండి చుట్టూ మూగి ఉంటారు. ఇవాళ ఒక్కరూ లేరు. పళ్ళెంలో మిర్చి కుప్పగా చల్లారిపోయి ఉంది.

"రా బిడ్డా, రా. నువ్వన్న తిను," అంటూ లచ్చమ్మ పేపరు ముక్కలో రెండు మిర్చి పెట్టి ఇచ్చింది.

"ఎవ్వరు లేరేంది అవ్వా?"

"ఏమో బిడ్డా. మూడు నాలుగు దినాల సంది గిట్లనే ఉన్నది. పండుగ లేదు, బందు లేదు. పోరగాళ్లు ఇటు దిక్కు చూసుకుంటనే పోతున్నరు. పిలిస్తే నవ్వుతున్నరు. నేనేం చేసిన్నో ఏమో."

అనుపమ మిర్చిని తినకుండా మళ్ళీ పేపర్లో చుట్టేసింది.

అంతలో ఇళ్ళ కప్పులకు సెంట్రింగ్ పని చేసే లచ్చమ్మ కొడుకు రవీందర్ మోటార్ సైకిల్ మీద వచ్చి ఆగాడు. "అమ్మా, నూనె డబ్బా తెచ్చినవా? రేపు గగన్‌పహాడ్‌ల స్లాబ్ పోసేది ఉన్నది."

లచ్చమ్మ బండి కింద నుంచి డబ్బా తీసింది. గుడ్డతో మూతి కట్టిన అదే రేకు డబ్బా.

"గా నూనె ఎందుకన్నా?" అని అనుపమ అడిగింది.

"సెంట్రింగ్ రేకులకు పూస్తం చెల్లే. పూయకుంటే సిమెంటు అంటుకొని రేకు ఊడిరాదు. అమ్మ ఏ రోజు నూనె ఆ రోజే తీసి నాకు పెడ్తది. వాడిన నూనెల మళ్ళ మిర్చి ఎయ్యదు," అని రవీందర్ డబ్బాను మోటార్ సైకిల్‌కి కట్టుకుని వెళ్ళిపోయాడు.

అనుపమ ఇంటికి పరుగెత్తింది. సంచి కూడా దించకుండా కంప్యూటర్ పెట్టి, ఆ పోస్టును తీసేసింది. కాక వచ్చేదాకా అక్కడే కూర్చుంది. ఆయన గడప దాటగానే ఏడుపు తన్నుకొచ్చింది. జరిగిందంతా చెప్పింది.

"తీసేసిన కాకా. ఇగ అయిపోయినట్టే కదా?"

కాక ఆమె పక్కన చాప మీద కూలబడ్డాడు.

"చదివినోళ్ల మనసులకెల్లి ఎట్ల తీస్తవు బిడ్డా?" అన్నాడు. "నేను గూడ తక్కువోణ్ణి గాదు. దినాం ఆమె చేతి మిర్చి తిన్నోణ్ణే. ఒక్క మాట అడగకుంటనే అందరికి పంపిన."

అనుపమ కళ్ళు తుడుచుకుంది. నోటుబుక్కు తీసి రాయడం మొదలుపెట్టింది. మూడుసార్లు కొట్టేసి నాలుగోసారి రాసింది.

మర్నాడు సాయంత్రం ఆ నోటుబుక్కు పట్టుకుని బండి దగ్గర నిలబడింది. లచ్చమ్మకు చదువు రాదు. అనుపమే చదివింది.

"నీలం బండి గురించి నేను రాసింది తప్పు. నేను డబ్బా చూసిన గానీ, అది ఎందుకో అడగలేదు. లచ్చవ్వ వాడిన నూనె మళ్ళీ వాడదు. తప్పు నాది. ఇట్లు, అనుపమ."

లచ్చమ్మ చేతిలోని జల్లి గరిటె ఆగిపోయింది.

"నువ్వా బిడ్డా?"

అనుపమ తల వంచుకుంది.

"నన్నొక్క మాట అడిగితే అయిపోతుండె గదా. నాకు నోరు లేదా?" అని లచ్చమ్మ అటు తిరిగి పొయ్యి సర్దుకుంది. ఇవాళ మిర్చి పెట్టలేదు. అనుపమకు వెళ్ళిపోవాలనిపించింది. కానీ అక్కడే నిలబడింది.

కాసేపటికి లచ్చమ్మే అంది. "మళ్ళొక్కసారి చదువు."

చదివింది.

"శనగపిండి దుకాణంల కొన్నది గాదు, పప్పు తెచ్చి పిండి గిర్నిల దగ్గరుండి పట్టిస్త. అది గూడ రాయి. వాము కూడ మంచిది ఏస్త."

అనుపమ కారుతున్న కన్నీళ్ళు తుడుచుకుంటూ గబగబా రాసుకుంది. లచ్చమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, "ఏడ్వకు. పో, అమ్మ ఎదురు చూస్తది," అంది.

ఆ రాత్రే అనుపమ దాన్ని బ్లాగులో పెట్టింది. మొదటి రోజు ముప్పై ఒక్కమందే చదివారు. కాక మాత్రం ఊరుకోలేదు. డ్యూటీలో కనబడినవాళ్ళందరికీ ఫోన్ తెరిచి చూపించాడు. శుక్రవారం తన దోస్తుల్ని ఇద్దరిని తోలుకుని బండికి పోయాడు. వారం తిరిగేసరికి ఆరేడుగురు వచ్చారు. పాతవాళ్ళు కొందరు ఇంకా రావడం లేదు. అది గుర్తొచ్చినప్పుడల్లా అనుపమ బండి దగ్గరికి పోయి, వచ్చినవాళ్ళను లెక్కపెడుతుంది.

ఒకరోజు బళ్ళో భాగ్యలక్ష్మి ఆయాసపడుతూ వచ్చింది.

"అనూ! మన నీళ్ల ట్యాంకుల పురుగులు ఉన్నయంట. ఆరో తరగతోళ్లు చెప్పిన్రు. ఇంటికి పోంగనే రాసెయ్యి, ఈసారి అయిదు వందల మంది చదువుతరు!"

అనుపమ నోటుబుక్కు తీసుకుని లేచింది.

"పా, పోయి చూద్దాం."

"చూసుడు ఎందుకే? అందరు అంటున్నరు గదా!"

అప్పటికే అనుపమ బడి డాబా మెట్లెక్కుతోంది. డాబా మీద అటెండరు మొగులయ్య తాత ట్యాంకు పక్కన చీపురు కడుగుతున్నాడు.

"తాతా, జర ఆ మూత తీస్తవా? నీళ్లు చూడాలె. దీన్ని ఎన్ని దినాలకొకసారి కడుగుతరు?"

అడిగి, ఆయన ఏం చెబుతాడా అని పెన్ను పట్టుకుని నిలబడింది.