అనంతయ్య కొట్టంలో నాడె

మా వాడ వెనక సందులో అనంతయ్య మగ్గం కొట్టం ఉంది. పొద్దు గూకిందంటే అటు ఎవరూ పోరు.

అనంతయ్య పోయి రెండేళ్ళు. మగ్గం మీద సగం చీర వదిలేసి పోయాడు. మా గద్వాలలో పెద్దంచు చీర నేయాలంటే ఇద్దరు కావాలి. ఒకరు దారపు కండె ఉన్న నాడె విసిరితే రెండోవారు అందుకొని తిరిగి పంపాలి. చివరిరోజుల్లో ఆయనకు జోడి దొరకలేదు... అందుకే ఇప్పటికీ వెతుక్కుంటున్నాడని చెప్పుకుంటారు.

రాత్రిపూట ఆ తలుపు ముందు నుంచి పోతే, దాని కిందనుంచి నాడె బయటికి వస్తుందట. చూసీ చూడనట్టు పోతే సరే. ఎత్తి లోపలికి ఇచ్చారో — జోడి కుదిరినట్టే. ఇక నేతగాడు కాళ్ళు దించి కూర్చునే ఆ మగ్గం గుంతలోంచి లేచేది లేదు.

పోయిన మాఘమాసంలో పూర్ణిమ అనే పిల్లకు జరిగింది ఆమె నోటితోనే విన్నాను. కాస్త ఉప్పూకారం నేను చల్లి ఉంటే ఏమనుకోకండి.

పూర్ణిమ మా పక్కింటి కోడలు. ఆమె, భర్త ప్రవీణ్ ఒకే మగ్గం మీద జోడిగా నేస్తారు. అలంపూర్ పోయి వస్తూ ప్రవీణ్ బండి మీంచి పడి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. అప్పటికి మగ్గం మీద ఉన్నది వనపర్తి పెళ్ళికూతురి చీర. మూరెడు నేసి ఆగిపోయింది. ముహూర్తం దగ్గరికొస్తోంది.

అత్త సుభద్రమ్మ ఒకప్పుడు పేరున్న నేతగత్తె. కానీ ఏడాదిగా "నాకు కండ్లు కనబడ్తలేవు" అని మగ్గం దగ్గరికే రావడంలేదు. అన్నం తినేటప్పుడు కూడా ఆ ఇంట్లో మాటల్లేవు. ప్రవీణ్ ఫోను చూస్తాడు, అత్త గోడ చూస్తుంది, పూర్ణిమ ఆ ఇద్దరినీ చూస్తుంది. పాపం, ఆ పిల్ల నిద్రపోయి ఎన్నాళ్ళయిందో.

ఆ సాయంత్రం జోడి కోసం ఆమె వాడంతా తిరిగింది. అసలే పెళ్ళిళ్ళ కాలం. "ఉగాది దాంక నాకు ఊపిరి తిరగదు బిడ్డా" అన్నాడు సాయన్న. అందరిదీ అదే మాట. తిరిగి వస్తుండగా కరెంటు పోయింది. చుట్టూ తిరిగి పోయే ఓపిక లేక వెనక సందులో దూరింది.

టక్...

ఆగింది. చెవి పెట్టి విన్నది. ఏమీ లేదు. రెండడుగులు వేసిందో లేదో —

టక్... సర్ర్ర్...

మసక వెన్నెల్లో తలుపు కిందనుంచి ఒక నాడె జారుకుంటూ వచ్చి, ఆమె కాలి దగ్గర ఆగింది.

నేతోళ్ళ ఇంట్లో పుట్టి, నేతోళ్ళ ఇంట్లో మెట్టిన పిల్ల. నేలమీద నాడె కనబడితే ఆమె చెయ్యి ఆమెను అడగదు. వంగింది. ఎత్తింది. కళ్ళకద్దుకుంది. ఆపైన, జోడిలో కూర్చున్న అలవాటు కదా... చక్కగా లోపలికి విసిరింది!

విసిరాక గాని చేసిన పని తెలియలేదు.

"సచ్చిన..." అని గొణిగింది. ఎదురు గోడకు ఆనుకుంది.

సర్ర్ర్... నాడె మళ్ళీ వచ్చింది.

పూర్ణిమ రెండు చేతులూ జోడించింది. "అనంతయ్య మామా... నీకు దండం పెడత. మా మగ్గమే ఆగింది. నేనే జోడి కోసం తిరుగుతున్న. నన్ను పట్టుకుంటే మా ఇంట్ల ఎట్ల? కావాలంటే జర నువ్వే మా ఇంటికి రారాదు?"

ఇప్పుడు చెప్పుకొని నవ్వుతుంది గాని, అప్పుడు నిజంగానే పిలిచిందట.

లోపల చప్పుడు ఆగిపోయింది. ఆ తర్వాత... మెల్లగా... తలుపు కిందనుంచి ఒక చెయ్యి బయటికొచ్చింది.

చాలా చిన్న చెయ్యి. నల్లటిది. మీదంతా బొచ్చు... కొసన గోళ్ళు. నాడెను తడిమింది. తడిమి, తనవైపు లాక్కుంది.

"మ్యావ్."

తన దగ్గర లైటున్న ఫోను ఉందని పూర్ణిమకు అప్పుడు గుర్తొచ్చింది. వంగి చూస్తే పిల్లికూన! నాడెలోంచి వచ్చిన పట్టుదారం వెనకకాలికి గట్టిగా చుట్టుకుపోయి, ఎటూ పోలేక, ఆ నాడెతోనే కుస్తీ పడుతోంది. కాలు వాచింది. పూర్ణిమ చెయ్యి లోపలికి పెట్టి, ఆ దారాన్ని బయటికి లాగి, పంటితో కొరికి తెంపింది. కూనను కొంగులో వేసుకొని పరుగో పరుగు.

ఇంట్లో కొవ్వొత్తి వెలుగుతోంది. కొంగులోంచి చెవులు కనబడగానే సుభద్రమ్మ కూర్చున్నచోటి నుంచే గయ్యిమంది.

"పిల్లినా? పట్టున్న ఇంట్లకా? ఒక్క గోరు పడితే పడుగంతా ఖరాబైతది. బయట ఇడిశిరా పో!"

పూర్ణిమకు ఏడుపు తన్నుకొచ్చింది. "ఎన్ని దినాలాయె అత్తమ్మా ఈ ఇంట్ల ఒక్కరు నవ్వక? మగ్గం ఆగింది, మాట ఆగింది. గిదొక్కటన్న కదులుతున్నది. ఉండనియ్యి."

ఈలోపు కూన కొంగులోంచి దూకింది. ప్రవీణ్ "చూ చూ" అని పిలిస్తే పట్టించుకోలేదు. పాలగిన్నె చూపితే చూడలేదు. కుంటుకుంటూ తిన్నగా సుభద్రమ్మ దగ్గరికి పోయి, చీర పట్టుకొని ఒళ్ళోకి ఎక్కి, గుర్రుగుర్రుమంటూ ఆమె వేళ్ళు నాకసాగింది.

"అమ్మా," అన్నాడు ప్రవీణ్, "దీనికి నువ్వు ఎరుకే."

"పిల్లికేం తెల్సురా..." అంటూనే ఆమె చెయ్యి దాని వీపు మీదికి పోయింది. తర్వాత దాచలేకపోయింది. "దీని తల్లి కనబడ్తలేదు. రోజు పొద్దు గూకినంక అనంతయ్య కొట్టం కాడికి పోయి గిన్నెల ఇంత పెరుగన్నం పెట్టి వస్తున్న. ఇయ్యాల పిలిస్తే రాలే. ఇది గూడ పోయిందనుకున్న..." కళ్ళు తుడుచుకుంది. "పోరగాండ్లు రాళ్ళేస్తుండ్రని, ఆ కొట్టంల దెయ్యమున్నదని నేనే పుట్టించిన."

ప్రవీణ్ కట్టు నొప్పిపెట్టేదాకా నవ్వాడు. పూర్ణిమ నవ్వలేదు.

"అయితే చీకట్ల ఆ సందు నీకు మంచిగనే కనబడ్డదన్నట్టు."

సుభద్రమ్మ తల దించుకుంది. "కండ్లు కనబడ్తయి పిల్లా. చెయ్యే వణుకుతున్నది. పెండ్లి చీర పాడైతే నా పేరు పోతదని భయమైంది."

"పోతే ఇద్దరి పేరూ పోతది. రేపు నాతోని గుంతల దిగు."

దిగింది. మొదటిరోజు అంచు వంకర పోతే తానే విప్పి, కోడల్నే తిట్టింది. కూనను పట్టు దగ్గరికి రానివ్వకుండా చూడడం ప్రవీణ్ ఒంటిచేతి ఉద్యోగం. వాడు అందులో రోజూ ఓడిపోయేవాడు. చీర మాత్రం ముహూర్తానికి ముందే వనపర్తి చేరింది. ఆ ఇంట్లోంచి నవ్వులు మా గోడ దాటి వినబడుతుంటే నాకెంత సంతోషమైందో చెప్పలేను.

చీర పంపిన మర్నాడు పూర్ణిమ అన్నది, "అత్తమ్మా, కొట్టం కాడ మన గిన్నె ఉండిపాయె. పోయి తెస్త."

"వద్దు."

"ఎందుకు?"

సుభద్రమ్మ వాకిలి వైపు చూసి గొంతు తగ్గించింది. "నేను అన్నం పెట్టి వస్తుంటి గద... మరునాడు పోయి చూస్తే గిన్నె తోమి బోర్లించి ఉంటుండె. ఎవరో దయగల్ల మనిషి అనుకుంటి. దెయ్యమని పుకారు లేపినంక అటు ఎవ్వలు పోతలేరు. అయినా... గిన్నె బోర్లించే ఉంటుండె."

గిన్నె ఇప్పటికీ అక్కడే ఉంది. మంచి స్టీలు గిన్నె. కావాల్సినవాళ్ళు పోయి తెచ్చుకోవచ్చు.