నలభై ఒకటో నంబరు చెయ్యి

"పాసయింది! నలభై ఒకటి పాసయింది! ఒక్క మార్పు కూడా అక్కర్లేదట!"

మేస్త్రీగారు వీధిలోంచే కేకేశారు. ఆ హడావిడిలో గొడుగు మూయడం మర్చిపోయి, తెరిచిన గొడుగుతోనే లోపలికి రాబోయి గుమ్మంలో ఇరుక్కుపోయారు. చివరికి గొడుగును వానకే వదిలేసి వచ్చి, తడి చేతులతో నా భుజాలు రెండూ పట్టుకుని ఊపేశారు.

"ఇరవై రెండేళ్ళ షాపురా ఇది! మొదటి నమూనా మార్పు లేకుండా పాసవడం ఇదే మొదటిసారి. నీ ఆర్నెల్ల ట్రయల్ ఇవాళ్టితో సరి. ఇక నువ్వు మా మనిషివి."

ఆ మాట కోసం ఆరు నెలలుగా ఎదురుచూశాను. అది విన్న రోజు గెంతులేస్తానని అనుకున్నాను. తీరా విన్నాక, పన్ను పీకించుకోవడానికి కుర్చీలో కూర్చున్నవాడిలా బిగుసుకుపోయాను.

లేత్ మిషను దగ్గర్నుంచి ఫిట్టరుగారు తల తిప్పి చూసింది. మేస్త్రీగారి తమ్ముడి కూతురు. నేను కాగితం మీద గీసినదాన్ని ఇనుములోకి తెచ్చేది ఆమే. పనిలో ఉన్నప్పుడు జుట్టు ముడి వేసి, అందులో పెన్సిలు గుచ్చుతుంది. ఆ పెన్సిలు ఎప్పుడూ నాదే.

"పెదనాన్నా, డ్రాయింగుగారికి అర్థమైనట్టు లేదు. ఇంకోసారి చెప్పండి."

"అర్థమైంది," అన్నాను.

"అయితే నవ్వండి."

నవ్వాను.

ఆమె కాసేపు పరిశీలనగా చూసింది. "వద్దులెండి. ఇందాకటి మొహమే నయం."

నా బాధేమిటంటే, ఆ నలభై ఒకటో నంబరు ఎవరో నాకు తెలుసు. పేరు తెలియదు, ఊరు తెలియదు. ఫిట్టరుగారు పెళ్ళి చేసుకోవాలనుకుంటున్న మనిషని మాత్రం తెలుసు. అది చాలదా?

మా షాపులో చేసేది తాళం చెవుల గుత్తికి తగిలించుకునే బుల్లి టూలు. మడిస్తే సగం అగ్గిపెట్టె. విప్పితే ఒకరికి స్క్రూడ్రైవరు, ఒకరికి కత్తెర, ఒకరికి ఆకురాయి. ఎవరికి ఏం కావాలో వాళ్ళకు అది. దీనికి మేస్త్రీగారు పెట్టిన పద్ధతి ఒకటుంది. టూలు కావాల్సినవాళ్ళు వారం రోజుల పాటు తమకు ఎప్పుడెప్పుడు ఏ పనిముట్టు లేక ఇబ్బంది అయిందో రోజువారీగా చీటీ రాయాలి. ఆపైన బంకమట్టి ముద్దను గుప్పిట్లో ఒక్కసారి పిసకాలి. ఆ చీటీ చూసి లోపలి పనిముట్లు, ఆ ముద్ర కొలిచి బయటి పిడి గీయాలి. చీటీ మీద పేరుండదు, నంబరే ఉంటుంది.

"పేరు తెలిస్తే మనిషి మొహం చూసి గీస్తావు," అంటారాయన. "నువ్వు గీయాల్సింది చేతికి."

ముద్రలో వేళ్ళు పెట్టి చూడకూడదు, చెడిపోతుంది. కొలత పరికరంతో కొలవడమే. తయారైన నమూనాను కూడా గీసినవాడు ముట్టుకోకూడదు. ఎవడు గీసింది వాడికి ముద్దొస్తుంది కాబట్టి.

మూడు వారాల కిందట ఫిట్టరుగారు నలభై ఒకటో చీటీ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. చూడగానే ఆమె చేతిరాతని పోల్చుకున్నాను.

"ఇది మీరు రాసిందే!"

"రాయాల్సినవాళ్ళకి రాసే ఓపిక లేదు. అందుకని నేనే వారం రోజులు గమనించి రాశాను."

చదివాను.

'సోమవారం: కళ్ళజోడు మర ఊడింది. టేపు చుట్టుకున్నారు. మంగళవారం: పార్సిలు పళ్ళతో చించారు. బుధవారం: డబ్బా మూత తాళం చెవితో తీయబోయి తాళం చెవి వంచేశారు. సాయంత్రం ఇంటి తలుపు రాలేదు. గురువారం: చొక్కా గుండీకి వేలాడుతున్న దారం లాగారు. గుండీ కూడా వచ్చింది. శుక్రవారం: పైవన్నీ మళ్ళీ.'

పొట్ట పట్టుకుని నవ్వాను. "ఎవరండీ ఈ మహానుభావుడు? కళ్ళజోడుకి టేపు చుట్టుకుని తిరిగేవాళ్ళు ఇంకా ఉన్నారా?"

ఆమె నా కళ్ళజోడు వంక చూసింది. నేను నా టేపు తడుముకున్నాను.

"నాది వేరు. తాత్కాలికం."

"ఎన్నాళ్ళయింది?"

"ఆర్నెల్లు."

ఆమె పెదవి కొరుక్కుంది. ఆ కొరుక్కోవడం చూస్తే నాకు చెప్పాల్సిన మాటలన్నీ కలగాపులగం అయిపోతాయి. కాబట్టి వెంటనే చీటీలోకి తల దించాను. దించాక అప్పుడు వెలిగింది: 'చుట్టుకున్నారు', 'చించారు', 'లాగారు'. అన్నీ ఎంత మన్ననగా రాసిందో! నవ్వు ఆగిపోయింది.

"ఈయన మీకు..."

"ఇంట్లో రోజూ అడుగుతున్నారు, ఎవరినైనా చూసుకున్నావా లేక మమ్మల్నే చూడమంటావా అని. ఈయన పేరు చెబుదామని ఉంది."

"ఆయనకి తెలుసా?"

"తెలియదు. చెప్పినా తొందరగా అర్థమయ్యే రకం కాదు."

"అలాంటివాణ్ణి చేసుకుని ఏం సుఖపడతారండీ?"

"అదే నేనూ ఆలోచిస్తున్నా," అంది, నన్నే చూస్తూ. బయట అప్పుడే వాన మొదలైంది. నేను లేచి కిటికీ వేశాను. ఆ క్షణంలో కిటికీ వేయడం తప్ప చేయదగిన పని ఇంకేదీ తోచలేదు.

తరవాతి మూడు వారాలూ ఆ మనిషి నా బల్ల మీద కాపురం పెట్టాడు. ముద్ర కొలిస్తే ఎడమచేతి వాటం అని తేలింది. "అయ్యో పాపం, నాలాగే," అన్నాను. "ఈ వీధికి నేనొక్కణ్ణే అనుకున్నా." ఫిట్టరుగారు దగ్గొచ్చినట్టు మిషను వెనక్కి వెళ్ళిపోయింది. చిటికెన వేలు కొంచెం వంకర. "చిన్నప్పుడు క్రికెట్లో విరిగుంటుంది, నాకూ అంతే," అన్నాను. మేస్త్రీగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ఎంత గీసినా ఆయన మీద కోపం రావడం లేదు. అదే నా గందరగోళం. గుండీ ఊడిపోయిన చొక్కాతో, తలుపు రాని ఇంటి బయట నిలబడ్డ ఆ మనిషిని తలుచుకుంటే నాకే జాలేసేది. ఒక సాయంత్రం దుర్బుద్ధి పుట్టి, స్క్రూడ్రైవరును కళ్ళజోడు మరకి పట్టకుండా ఒక పిసరు లావుగా గీశాను. మర్నాడు పొద్దున్నే వచ్చి చెరిపేశాను. ఆమె ప్రేమించిన మనిషి కళ్ళజోడు జారిపోతూ ఉంటే, ఆమెను సరిగ్గా చూసేదెవరు?

ఇక ఇవాళ. గీసినవాడే టూలును స్వయంగా ఆ మనిషి చేతిలో పెట్టాలని మేస్త్రీగారి చివరి నియమం. నాలుగింటికి అప్పగింత అన్నారు.

"మేస్త్రీగారూ, నాకు సెలవు కావాలి."

"పర్మనెంటై పది నిమిషాలు కాలేదు, అప్పుడే సెలవా? దేనికి?"

"తలనొప్పి."

"ఎటువైపు?" అంది ఫిట్టరుగారు.

"అన్ని వైపులా."

"నాలుగు తరవాత తగ్గిపోతుంది. కూర్చోండి."

కూర్చున్నాను. మూడున్నర నుంచి గుమ్మం వైపే చూస్తున్నాను. సైకిలు మీద ఒకాయన ఆగాడు. ఒడ్డూ పొడుగూ బాగానే ఉన్నాడు. ఈయనే అనుకున్నాను. ఆయన చూరు కింద తల తుడుచుకుని వెళ్ళిపోయాడు. తరవాత కళ్ళజోడు పెట్టుకున్న ఒకాయన వచ్చాడు. లేచి నిలబడ్డాను. ఆయన ఫొటో స్టూడియో ఎక్కడని అడిగాడు.

నాలుగైంది. నాలుగూ పది అయింది.

"రాలేదండీ," అన్నాను. ఎంత దాచుకున్నా గొంతులో సంతోషం పొంగుతోంది. "మాట మీద నిలబడే రకం కూడా కాదన్నమాట."

"వచ్చే ఉన్నారు," అంది ఫిట్టరుగారు.

వెనక్కి తిరిగి చూశాను. షాపులో మేం ముగ్గురమే.

"చెయ్యి పట్టండి."

"నేనెందుకు?"

"డ్రాయింగుగారూ. చెయ్యి."

అలవాటుగా ఎడమ చెయ్యి చాచాను. టూలు తెచ్చి అందులో పెట్టింది. గుప్పిట మూశాను. చల్లటి ఇనుము నా వేళ్ళ మధ్య ఏ సందూ లేకుండా సర్దుకుంది. చిటికెన వేలి వంకర దగ్గర కూడా చిన్న పల్లం ఉంది. ఎన్నో ఏళ్ళుగా నా జేబులోనే ఉన్నట్టుంది.

"అబ్బ!" అన్నాను. "ఆయన చెయ్యి అచ్చం నా చెయ్యిలాగే ఉంటుందే!"

మేస్త్రీగారు నెత్తి కొట్టుకున్నారు. "అమ్మాయ్, ఇంకోసారి ఆలోచించుకో. తొందరేం లేదు."

ఆమె నడుం మీద చేతులు పెట్టుకుంది. "పోయిన నెలలో మట్టి మెత్తబడిందో లేదో చూడమని మీకు ముద్ద ఇచ్చానా లేదా?"

"ఇచ్చారు. రోజూ ఇస్తారుగా."

"పిసికి నాకు తిరిగిచ్చారా లేదా?"

"ఇచ్చాను."

"అదెక్కడికి పోయింది అనుకున్నారు?"

నేను టూలు వంక చూశాను. టేపు తడుముకున్నాను. చొక్కా కిందికి చూసుకున్నాను. మూడో గుండీ లేదు.

"అయితే ఆ చీటీలో ఉన్న వెధవ నేనే..."

"ఆయన్ని ఏమైనా అంటే ఊరుకోను."

"మరి మార్పులు అక్కర్లేదని చెప్పిందెవరు?"

"నేనే. పెదనాన్నని వీధిలోంచి కేకేస్తూ రమ్మన్నదీ నేనే. నాకేం మార్పులు అక్కర్లేదు." అంత గట్టిగా అని, తరవాత తనే ఎర్రబడింది. పిడిలోంచి ఒక మడత వేలిగోటితో విప్పింది. రెండు సన్నటి రేకులు, ముల్లు తీసే పట్టుకారు. "కానీ ఒకటి అడగాలి. ఇది నేను చీటీలో రాయలేదు. డ్రాయింగులో చూసి మారు మాట్లాడకుండా చేసిపెట్టాను. ఎందుకు పెట్టారు?"

ఈ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. అబద్ధం వెతుక్కునేంత వ్యవధి లేదు.

"మీ వేళ్ళకి," అన్నాను. "ఇనుప రజను గుచ్చుకుంటుంది కదా మీకు. సూది పెట్టి పొడుచుకుంటూ ఉంటారు. ఆయనెవరో రోజూ మీ పక్కనే ఉంటాడు కదా అని... కనీసం అది తీయడానికైనా ఆయన దగ్గర ఏదో ఒకటి ఉండాలని."

ఆమె పట్టుకారు రేకుల్ని ఒకసారి నొక్కి చూసింది.  కళ్ళు నిండాయి.

మేస్త్రీగారు గబగబా వెళ్ళి లేత్ మిషను ఆన్ చేశారు. అందులో బిగించిన పనేమీ లేదు. ఊరికే తిరుగుతోంది. ఆయన దాని వంకే మహా శ్రద్ధగా చూస్తూ, మాకు వీపు తిప్పి నిలబడ్డారు.

"నేను వేరే ఎవరికో ఇస్తున్నాననుకుని కూడా పెట్టారా?" అంది, మిషను హోరులో నాకొక్కడికే వినిపించేలా.

"మరి మీకు గుచ్చుకునేది గుచ్చుకుంటుంది కదండీ, ఎవరిని చేసుకున్నా."

"అప్పుడు నా మీద కోపం రాలేదా?"

"వచ్చింది. ఒక సాయంత్రం. పొద్దున్నే చెరిపేశాను." గొంతు సవరించుకున్నాను. ఆర్నెల్లుగా కలగాపులగంగా ఉన్న మాటల్లోంచి ఎట్టకేలకు ఒకటి తిన్నగా బయటికొచ్చింది. "మీరంటే నాకు చాలా ఇష్టమండీ. మొదటి రోజు నా పెన్సిలు తీసుకున్నారే, అప్పట్నుంచి. చెప్పడం చేతకాలేదు."

"అండీ తీసేసి చెప్పండి."

"నువ్వంటే నాకు చాలా ఇష్టం."

"ఊఁ."

"ఊఁ అంటే?"

"దీనికి కూడా చీటీ రాసివ్వాలా?" అని నవ్వేసింది. ఏడుస్తూ నవ్వుతూ నా ఎడమ చెయ్యిని, అందులోని టూలుతో సహా, తన రెండు చేతులతో మూసేసింది. నూనె మరకల చేతులు. గరుకుగా, వెచ్చగా.

మిషను ఆగింది.

"అయిందా?" అన్నారు మేస్త్రీగారు, ఇటు తిరగకుండానే. "కరెంటు దండగ."

"అయింది పెదనాన్నా."

ఆయన వచ్చి నా తల మీద చెయ్యేశారు. ఏదో పెద్ద మాట అనబోయి మానేసి, "మా పిల్ల కష్టపడి చేసింది, పారేసుకోకు," అని మాత్రం అన్నారు. టూలు గురించేనా, ఇంకేదైనా గురించా అని అడగలేదు. ఇవాళ్టికి నాకు అర్థమైంది చాలు.

"ఇప్పుడు మనం ఏం చేయాలి?" అన్నాను ఆమెతో.

"నాకేం తెలుసు? నేనేమైనా ఇంతకుముందు చేసుకున్నానా?"

 జీవితంలో మొదటిసారి ఒక పథకం నా బుర్రలో కొలతలతో సహా స్పష్టంగా కనిపించింది.

"రేపు మా అక్కనీ బావనీ తీసుకుని పదింటికి మీ ఇంటికి వస్తాను. మీ నాన్నగారితో నేనే మాట్లాడతాను."

"పదింటికి కాదు, ఎనిమిదింటికి రండి. నాన్న తొమ్మిదికి డ్యూటీకి వెళ్ళిపోతారు," అంది ఫిట్టరుగారు. "ఓ గంట ముందు మొదలుపెడితే గానీ మీరు అసలు విషయానికి రారు."