కోచ్ చెప్పమన్న మాట

ప్రొఫెషనల్ మ్యాచ్‌లో టెగన్ మెక్‌రే తన్నిన మొట్టమొదటి బంతి నేరుగా వెళ్లి ఆంగస్ వీపుకి తగిలింది.

ఆంగస్ అవతలి జట్టువాడు కాదు. హార్బర్‌సైడ్ మహిళల ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ జట్టుకే రన్నర్. ఆట నడుస్తుండగా మైదానంలోకి పరుగెత్తి, కోచ్ మాట ఆటగత్తెలకి చేరవేసి రావడం అతని పని. అతని వీపు మీంచి ఎగిరిన బంతి అవతలివాళ్ల చేతిలో పడింది. ఈ ఆటలో బంతిని చేత్తో పట్టుకోవచ్చు, పట్టుకున్నవాళ్లని కింద పడేయనూవచ్చు. వాళ్లు తీరిగ్గా గోల్ కొట్టుకున్నారు.

“నిలబడ్డానికి నీకు ఇంకెక్కడా చోటు దొరకలేదా?” అంది టెగన్.

“తన్నడానికి నీకు ఇంకో దిక్కు దొరకలేదా?” అన్నాడు ఆంగస్, వీపు రుద్దుకుంటూ.

అతను మైదానం గట్టు దగ్గరికి చేరేసరికి కోచ్ మోరీన్ డగన్ మండిపోతోంది. “ఆ పిల్లకి చెప్పు. గోల్ ముందు కాపలా కాయమన్నాను, బస్సు కోసం ఎదురుచూడమనలేదు. ఇలాగే ఆడితే వాళ్ల నాన్న ఆవుల దగ్గరికి తిరిగి పంపించేస్తానని చెప్పు.”

టెగన్ వాళ్ల నాన్నకి కోలాక్ ఊరి దగ్గర పాల డెయిరీ ఉంది. ఆమె నెట్‌బాల్ ఆట వదిలేసి ఫుట్‌బాల్‌లోకి వచ్చి ఎంతో కాలం కాలేదు. పగలు మొక్కల నర్సరీలో పని, సాయంత్రం ప్రాక్టీసు. చేతిలో ఒక్క సీజన్ కాంట్రాక్టు మాత్రమే ఉంది. అది పొడిగించకపోతే నిజంగానే ఆవుల దగ్గరికే వెళ్లాలి.

ఆంగస్ మాట మోసుకుంటూ పరుగెత్తాడు. దగ్గరికొచ్చి చూస్తే టెగన్ గడ్డం వణుకుతోంది. తెచ్చిన మాట అతని గొంతులో పల్టీ కొట్టింది.

“రెండడుగులు ముందుకి నిలబడితే నిన్నెవరూ దాటలేరట. కోచ్ చెప్పమంది.”

టెగన్ ముందుకి జరిగింది. ఆ పూట ఆమెని నిజంగానే ఎవరూ దాటలేదు.

ఇక అదే అలవాటైపోయింది. కోచ్ తిట్లని వడకట్టి, ఆటకి పనికొచ్చే ముక్క మాత్రం టెగన్‌కి అందించేవాడు ఆంగస్. కొన్నాళ్లకి సొంత సరుకు కూడా కలపసాగాడు. టెగన్ పరుగు చూస్తే కోచ్‌కి ముచ్చటేస్తోందట. కొత్త జడ ఆవిడకి చాలా నచ్చిందట. టెగన్ పొంగిపోయి గట్టు వైపు చెయ్యి ఊపేది. కోచ్ అర్థం కాక తనూ చెయ్యి ఊపేది.

ఆఖరి మ్యాచ్ ముందు మీటింగులో కోచ్ అందరి ముందూ టెగన్‌ని మెచ్చుకుంది. “తిట్లు ఎలా తీసుకోవాలో ఈ పిల్లని చూసి నేర్చుకోండి. పాలు పితికే వేళకి నిలబడ్డ ఆవులా ఉన్నావని కబురు పెడితే, నవ్వుతూ నాకు చెయ్యి ఊపింది.”

గది గదంతా నవ్వింది. టెగన్ మాత్రం తల తిప్పి ఆంగస్‌ని చూసింది. అతను తన బూట్ల లేసుల్లో ఏదో వెతుక్కుంటున్నాడు.

కార్ల దగ్గర అతన్ని పట్టుకుంది. తనేమైనా చిన్నపిల్లా, తిట్టు వినలేదా, ఇన్నాళ్లూ పిచ్చిదానిలా చేతులు ఊపించాడే అని దులిపేసింది. “జడ సంగతి కూడా అబద్ధమేనా?”

“కోచ్‌కి నచ్చిందో లేదో తెలీదు,” అన్నాడతను నెమ్మదిగా. “జడ మాత్రం బాగుంది.”

“రేపట్నించి ఆవిడ ఏమంటే అది చెప్పు. ఒక్క అక్షరం తగ్గకూడదు.”

మర్నాడు వాన. ఆంగస్ చెవులు ఎర్రబడుతుండగా ప్రతి తిట్టూ పూర్తిగా అప్పజెప్పాడు. టెగన్ అంతకంటే ఘాటైన జవాబులు పంపింది. వాటిని అతను థాంక్స్‌గా మార్చి కోచ్‌కి అందించాడు.

“థాంక్స్ చెప్పడానికి నోరు అంతసేపు కదలదు, అబ్బాయ్,” అంది కోచ్.

ఆట చివరికొచ్చింది. హార్బర్‌సైడ్‌కి ఒక్క పాయింటు ఆధిక్యం. ఆంగస్ మళ్లీ పరుగెత్తుకొచ్చాడు.

“ఎడమ పక్కకి వెళ్లమంది. ఇంతవరకూ కోచ్ మాట. ఇక నాది. నువ్వంటే నాకు ఇష్టం. మ్యాచ్ అయ్యాక నాతో వేడివేడి మీట్ పై తినడానికి వస్తావా?”

టెగన్ నోరు తెరిచి అలాగే నిలబడిపోయింది. ఈలోగా అవతలి అమ్మాయి బంతి తీసుకుని ఆమె పక్కనుంచే దూసుకుపోయింది. స్టేడియం అరిచాక గానీ టెగన్‌కి తెలివి రాలేదు. ఒళ్లు మండిపోయి, బురదలో జారుతూ వెంటపడింది. గోల్ ముందు ఆ అమ్మాయిని నడుం పట్టి పడేసి, మీద పడిపోయింది. బంతి అక్కడే ఆగింది. ఆట ముగిసినట్టు సైరన్ మోగింది.

చివర్లో ఆ పిల్లకి ఏం చెప్పావని కోచ్ నిలదీస్తే, ఆంగస్ ఈసారి ఏమీ వడకట్టలేదు. ఆవిడ అతన్ని పైనుంచి కిందికి చూసి, మైదానం మధ్యలో ప్రేమ పాఠాలేమిటని గట్టిగానే చీవాట్లు పెట్టింది. ఆ తర్వాత, కాంట్రాక్టు రెండేళ్లు పొడిగిస్తున్నానని టెగన్‌కి తనే చెప్పింది. రన్నర్‌ని మాత్రం పురుషుల జట్టుకి మార్చేస్తున్నట్టు కూడా చెప్పింది.

“ఎందుకు?” అంది టెగన్.

“వాడు నీకు పనికొస్తాడు, నాకు పనికిరాడు.”

టెగన్ బురద కూడా కడుక్కోకుండా, మాంసం కూరిన మీట్ పైలు అమ్మే దుకాణం వైపు నడిచింది. ఆంగస్ అప్పటికే లైన్లో ఉన్నాడు. టెగన్ వస్తే మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక, ముందు నిలబడ్డ ముసలాయనతో వాన గురించి మాట్లాడుతున్నాడు.

టెగన్ వెళ్లి అతని చేతిలో చెయ్యి పెట్టింది. “నాకు రెండు పైలు కావాలి,” అంది. “సాస్ ఎక్కువ వేయించు.”