చెమట పట్టిన రైఫిల్

శవం లేదు. ఈ కేసులో చిక్కంతా అదే.

కోరిన్ సోర్విక్ ఇంకా బతికే ఉంది. ఆమెను బతికించుకోవాలన్నదే డిటెక్టివ్ రూత్ కివెలా పంతం.

అమెరికాలోని ఉత్తర మిన్నెసోటాలో జింకల వేట సీజన్. బయట చలి ఎముకలు కొరికేస్తోంది. ఆ తెల్లవారుజామున తను పనిచేసే స్కూల్ బస్సుల గ్యారేజీ ఎదుట భర్త డేల్ ట్రక్కులో కూర్చుని తన వైపు రైఫిల్ ఎక్కుపెట్టాడని కోరిన్ కోర్టులో చెప్పింది. తోటి డ్రైవర్ టోబిన్‌తో ఆమెకు సంబంధం ఉందని డేల్ అనుమానం. జడ్జి అప్పటికప్పుడే ఆర్డర్ ఇచ్చాడు. డేల్ తుపాకులన్నీ షెరీఫ్ ఆఫీసుకు అప్పగించాలి. అదీ పద్నాలుగు రోజులకే. ఆలోగా రుజువు దొరక్కపోతే మళ్లీ అతని చేతికే వస్తాయి.

మధ్యాహ్నం రూత్ డేల్ ఇంటి తలుపు కొట్టింది. తీయడానికి చాలాసేపు పట్టింది.

"పొద్దున ఎక్కడున్నావు డేల్?"

"ఇంట్లోనే. నమ్మకపోతే మా తమ్ముణ్ని అడగండి."

తమ్ముడు వేడ్ కాఫీ కప్పులోంచి తలెత్తలేదు. "నాతోనే ఉన్నాడు మేడమ్. పేకాడుకుంటున్నాం."

"తుపాకులు?"

"పడగ్గది బీరువాలో. ఈసారి వేటకే పోలేదు." డేల్ నాలుగు రైఫిళ్లు తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టాడు. "అది వాడితో కులుకుతుంటే నేరస్తుణ్ని నేనా? టోబిన్ జోకేస్తే పగలబడి నవ్వుతుంది. నాతో నవ్వి ఎన్నాళ్లయిందో అడగండి!"

పొయ్యి భగభగ మండుతోంది. రూత్ కోటు విప్పి కూర్చుంది. కాఫీ అడిగి, తీరిగ్గా తాగింది. చూపు మాత్రం బల్ల మీదే.

మూడు రైఫిళ్లు పొడిగా ఉన్నాయి. నాలుగోదాని గొట్టం మీద తేమ పేరుకుంది. గురిచూసే అద్దం మసకబారింది.

"వేడ్, నువ్వూ వేటగాడివేగా. చలిలో ఉన్న తుపాకీని వెచ్చటి ఇంట్లోకి తెస్తే ఏమవుతుంది?"

"చెమట పడుతుంది. తుప్పు పడుతుందని మేం ట్రక్కులోనే వదిలేస్..." వేడ్ నాలిక కరుచుకున్నాడు.

"మీ అన్నయ్య కూడా అలవాటు ప్రకారం ట్రక్కులోనే వదిలేశాడు. నేను తలుపు కొట్టగానే పెరటి దారిన పరిగెత్తి లోపలికి తెచ్చాడు. బీరువాలో ఉన్నదైతే మిగతావాటిలా పొడిగా ఉండేది."

రూత్ గ్లౌజులు వేసుకుని రైఫిల్ తెరిచింది. రెండు తూటాలు.

"అయిదు పడతాయిగా. రెండే నింపావేం?"

డేల్ ఆ తూటాల వైపు చూశాడు. "ఒకటి వాడికి. రెండోది నాకు. దానికి కాదు, ఒట్టు. దాని పక్కనే వాడున్నాడు."

"ఇందుకా నాతో అబద్ధం ఆడించావు, అన్నయ్యా?" వేడ్ ముఖం కప్పుకుని ఏడ్చేశాడు.

"ఇవి ఏడాదిపాటు నీకు దక్కకుండా జడ్జిని అడుగుతాను. నీ ప్రాణం కూడా నిలుస్తుంది డేల్" అంది రూత్ మెల్లగా.

డేల్ ఆ మాట విన్నట్టే లేదు. కిటికీలోంచి రోడ్డు వైపు చూస్తున్నాడు.

"ఇవాళ డ్యూటీ అయ్యాక దాన్ని ఇంటి దగ్గర ఎవడు దింపుతాడు? వాడేనా?"

అప్పటిదాకా రూత్‌కు అతని మీద కాస్త జాలి ఉండేది. సంకెళ్లు బిగించింది.