ఏడో ప్రొటీన్

"ప్రొఫెసర్ పోయింది గుండెపోటుతో కాదు. కాఫీలో విషం," అన్నాడు చీఫ్. "ముప్పై ఏళ్లు క్లోమ క్యాన్సర్ వెంటే పడ్డాడు. రోగుల రక్తంలో వేల ప్రొటీన్లు వెతికి, జబ్బు బయటపడడానికి రెండేళ్ల ముందే దాన్ని పట్టిచ్చేవాటి లిస్టు తయారుచేశాడు. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి అది నలభై ఆస్పత్రుల మెషీన్లకు వెళ్తుంది. ఒక విదేశీ ముఠా దాన్ని చెడగొట్టబోతోంది."

"దొంగిలించకుండా చెడగొట్టడమెందుకు సార్?" అడిగాడు ఏజెంట్.

"దొంగిలించడం ఎప్పుడో అయింది. మన టెస్టు తప్పని తేలితే, రెండేళ్లాగి అదే టెస్టు తమ పేరుతో అమ్ముకుంటారు. ఈలోగా జబ్బున్నవాళ్లకి ఏమీ లేదని రిపోర్టులు వెళ్తాయి. ల్యాబ్‌లో మన మనిషుంది. కోడ్ నేమ్ చిలక."

బుధవారం ఉదయం ఏజెంట్ సర్వీస్ ఇంజనీర్ వేషంలో ల్యాబ్‌లో అడుగుపెట్టాడు. స్క్రూడ్రైవర్ పిడిలో నెట్‌వర్క్‌ను ఆపేసే జామర్. తెల్లకోటు కింద పచ్చటి పట్టుచీరతో ఓ అందగత్తె ఎదురొచ్చింది.

"సెంట్రిఫ్యూజ్ శబ్దం చేస్తోందా?"

"బ్యాలెన్స్ తప్పింది," అందామె. కోడ్ సరిపోయింది. చిలక ఈమే. ప్రొఫెసర్ దగ్గర పన్నెండేళ్లు పనిచేసిన మనిషి.

ప్రొఫెసర్‌కు నోట్‌బుక్ అలవాటు లేదు. అన్నీ రికార్డర్‌లో చెప్పుకునేవాడు. పేర్లు, తేదీలు లేవు, రోగుల నంబర్లే. కుట్ర ఆచూకీ దొరుకుతుందేమోనని ఏజెంట్ మెషీన్ విప్పి కూర్చుని, ఇయర్‌ఫోన్‌లో ఆ గొంతు మూడు రోజులు విన్నాడు.

"నాలుగు వందల పన్నెండు. బడి పంతులమ్మ. సూది గుచ్చుతుంటే నాకే ధైర్యం చెప్పింది. ఇప్పుడు లేదు."

"ఆరేళ్ల పని తప్పు. ఆ పేపర్ రేపు నేనే వెనక్కి తీసుకుంటాను. చెల్లెలు ఉంటే నవ్వేది. దాన్ని మింగిన జబ్బే ఇది."

ఎదురుగా ఫ్రీజర్లు సన్నగా మూలుగుతున్నాయి. వాటి నిండా పోయినవాళ్ల రక్తం. రెండో రోజుకల్లా, ఎవరో పిలిచినట్టు ఏజెంట్ పదేపదే వెనక్కి తిరిగి చూడసాగాడు.

శుక్రవారం, మూడింటికి అర నిమిషం ముందు, చివరి రికార్డు:

"తప్పుడు జవాబిస్తోందని ఏడో ప్రొటీన్‌ని నిన్న తీసేశాను. మళ్లీ లిస్టులోకి ఎలా వచ్చింది? కాఫీ తెస్తానంది అమ్మాయి. రాగానే అడగాలి."

ఏజెంట్ తలెత్తాడు. అప్‌లోడ్ స్క్రీన్ మీద ఏడో పేరు అలాగే ఉంది. ఇంకా తొమ్మిది సెకన్లు.

"కదలకండి," వెనక చిలక గొంతు. మెడకు సూది మొన చల్లగా తగిలింది. "మీ చీఫ్ ఇచ్చేది వాళ్లిచ్చేదాంట్లో ఏ మూలకి?"

నాలుగు. ఏజెంట్ మోచేత్తో వెనక్కి పొడిచాడు. సిరంజి జారిపడింది. రెండు. స్క్రూడ్రైవర్ పిడి నొక్కాడు.

ఒకటి దగ్గర స్క్రీన్ ఆగింది: నెట్‌వర్క్ లేదు.

బేడీలు వేస్తుంటే ఆమె గోడకేసి చూస్తూ అంది, "కూతురిలా చూసుకున్నాడు నన్ను."

"కాఫీ ఇచ్చినప్పుడు ఏమన్నాడు?"

"థాంక్స్ అమ్మా అన్నాడు."

సోమవారం అసలు లిస్టు వెళ్లింది. పది ప్రొటీన్లు. అదే సాయంత్రం చీఫ్ ల్యాబ్‌కొచ్చి, కుర్చీలో కూర్చుని, టెస్టుకు రక్తమివ్వడానికి చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"ముప్పై ఏళ్లలో నా నుంచి ఒక్క రహస్యం ఎవడూ లాగలేకపోయాడు," అన్నాడు సూదివైపు చూడకుండా. "ఈ పదీ ఏం లాగుతాయో చూద్దాం."