ఎర్రదీపం కింద సొంతమాట

స్టూడియోలో అందరూ ఆమెను గొంతక్క అంటారు. పోస్టర్లలో నవ్వే పెద్ద హీరోయిన్‌కి పదేళ్లుగా గొంతు ఈమెదే. హీరోయిన్ అసలు గొంతు బొంగురు. షూటింగులో ఆవిడ చెప్పిన బొంగురు మాటలు హెడ్‌ఫోన్‌లో ఎడమ చెవికి వినిపిస్తుంటాయి. తెర మీద ఆవిడ పెదవులు కదులుతుంటాయి. ఆ కదలికకు సరిగ్గా అతికేలా గొంతక్క మాట్లాడుతుంది. హాల్లో జనం కళ్లు తుడుచుకుంటారు. పేరు మాత్రం పెదవులకే.

ఆ సాయంత్రం భవనంలో ఇద్దరే మిగిలారు. సెలవులు మొదలయ్యాయి. క్యాంటీన్‌కి తాళం పడింది. మెట్ల మీద దీపాలు ఆర్పేశారు. రికార్డింగు గదికి కిటికీల్లేవు. గోడలకు అతికించిన నల్లటి స్పాంజి చెమ్మపట్టి, తడిసిన కుక్కపిల్ల వాసన వేస్తోంది. ఆ గదిలో గట్టిగా అరిచినా అరుపు గోడల్లో ఇంకిపోతుంది.

"ఈ ఒక్క సీనూ చెప్పేస్తే నీకు విముక్తి అక్కా," అన్నాడు సౌండు తమ్ముడు, గాజు అవతలి నుంచి.

"పొద్దున్నే బస్సెక్కకపోతే మా చిట్టి నన్ను గుమ్మం తొక్కనివ్వదు."

భర్త, అయిదేళ్ల కూతురు ముందే ఆడపడుచు ఇంటికి వెళ్లారు. చిట్టికి అమ్మ కథ చెబితే తప్ప నిద్ర రాదు. అందుకని అమ్మ దగ్గర లేని రోజు తండ్రి ఫోన్ తీసుకొచ్చి దిండు పక్కన పెడతాడు. అమ్మ ఇక్కణ్ణుంచి చెబుతుంది. తోక చూసుకుని సిగ్గుపడే ఉడత కథ. గొంతక్క సొంతంగా అల్లింది. ఆ గొంతుతో ఆమె తనకోసం చేసుకునే పని అదొక్కటే.

"కథ బాగుంది కదక్కా? బట్టల కొట్లో పిల్ల పెద్ద హీరోయిన్ కావాలని కోరుకుంటుంది. అవుతుంది. అయ్యాక లబోదిబోమంటూ మళ్లీ కొట్టుకే వస్తుంది. సెలవులకి పిల్లాపాపలతో చూడొచ్చు."

"వస్తుందిట! అంత పేరూ వదులుకుని! రాసినవాడు రోజంతా నిలబడి బట్టలు మడతపెట్టి ఉంటే తెలిసేది."

అతను నవ్వబోతుండగా ఫోన్ మోగింది. రెండు ముక్కలు విని నాలుక కరుచుకున్నాడు. "ఇంటి తాళంచెవి నా జేబులో ఉందక్కా. మా ఆవిడ గుమ్మంలో కూచుని నన్ను తిడుతోంది. ఇలా వెళ్లి అలా వచ్చేస్తా. తెర మీద బొమ్మ మళ్లీ మళ్లీ తిరుగుతూనే ఉంటుంది, నువ్వు చెబుతూ ఉండు. వచ్చాక బాగున్నది ఏరుకుంటా."

తలుపు మూయబోతూ పైకి వేలు చూపించాడు. "ఎర్రదీపం వెలుగుతూనే ఉంటుంది. సొంతమాట వద్దు."

అది వాళ్ల వృత్తిలో పాత నియమం. ఎర్రదీపం వెలుగుతున్నంతసేపూ మైకు ముందు కాగితం మీది మాట తప్ప మరో మాట అనకూడదు. అంటే అది బొమ్మ నోటికి అతుక్కుంటుందని పాతవాళ్లు అనేవారు. తర్వాత ఆ మాటలు తుడిచే పని తప్పుతుందని పెట్టిన భయమే అదని గొంతక్క నమ్మకం.

బరువైన తలుపు మూసుకుంది. గదిలో చీకటి, పైన ఎర్రటి చుక్క, ఎదురుగా తెర.

బీప్... బీప్... బీప్. మూడో బీప్ తర్వాత మాట అందుకోవాలి. తెర మీద కొట్టుపిల్ల వేషంలో హీరోయిన్ అద్దంలోకి చూస్తూ అంది, "నాకీ బతుకు వద్దు." గొంతక్క చెప్పింది. బొమ్మ మళ్లీ మొదటికొచ్చింది. మళ్లీ చెప్పింది. తన గొంతు తనకే బాగుందనిపించింది. నిజంగా ఏడుపొస్తోంది. కిందటి నెల ఇలాంటి మాటకే హీరోయిన్‌కి బహుమతి ఇచ్చారు. వేదిక మీద ఆవిడ ఎవరెవరికో కృతజ్ఞతలు చెప్పింది. గొంతక్క ఆ కార్యక్రమాన్ని బట్టలు ఆరేస్తూ టీవీలో చూసింది.

బీప్... బీప్... బీప్.

ఈసారి ఆమె మాట అందుకోలేదు. కళ్లు తుడుచుకుంటోంది. తెర మీద పెదవులు కూడా తెరుచుకోలేదు.

యంత్రం ఆగిందేమో అనుకుంది. ఆగలేదు. అద్దంలో జుట్టు గాలికి కదులుతోంది. కళ్లు ఆర్పుతోంది. పెదవులు మాత్రం మూసుకుని ఉన్నాయి... కాచుకున్నట్టు.

"ఏంటిది?" అనుకుంది గొంతక్క, పైకే.

తెర మీది పెదవులు "ఏంటిది" అన్నాయి.

తలుపు వైపు చూసింది. కానీ లేవలేదు. పదేళ్లు ఆ పెదవుల వెంట పరిగెత్తిన మనిషి ఆమె. ఇవాళ అవే తన వెంట వస్తున్నాయి.

"మా చిట్టి అన్నం తిందో లేదో," అంది మెల్లగా. అంత పెద్ద మొహం, అంత అందమైన మొహం, తన కూతురి గురించి దిగులుపడింది. గొంతక్కకు నవ్వొచ్చింది. తెర మీద హీరోయిన్ నవ్వింది.

అప్పుడనేసింది. ఎర్రదీపం కింద, కాగితంలో లేని మాట.

"నీ బతుకు నాకిచ్చెయ్. నాది నువ్వు తీసుకో."

పెదవులు కదల్లేదు.

గదిలో స్పాంజి వాసన పోయింది. ఖరీదైన అత్తరు వాసనేదో దగ్గరగా వేసింది, ఎవరో భుజం మీదకి వంగినట్టు. ఎడమ చెవిలో చిన్న గరగర. ఇన్నేళ్లుగా ఎరిగిన బొంగురు గొంతు. ఇంతవరకూ ఏ సీనులోనూ వినని మాట.

"సరే."

హెడ్‌ఫోన్ లాగి పారేసింది. తెర నల్లబడింది. ఎర్రదీపం ఆరిపోయింది. ఎవరూ ఆర్పలేదు.

తలుపు తెరుచుకుంది. సౌండు తమ్ముడు వగరుస్తూ వచ్చాడు.

"తమ్ముడూ, దీపం..." అంది. సగంలో ఆగింది. బయటికొచ్చింది బొంగురు గొంతు.

అతను రెండడుగులు వెనక్కి వేసి నిటారుగా నిలబడ్డాడు. చేతులు వాటంతటవే కట్టుకున్నాయి. "మేడం! మీరా! మీరొస్తున్నారని ఎవరూ చెప్పలేదండీ... కూర్చోండి, ఏసీ వేస్తాను." తర్వాత ఆమె వెనకాల గదంతా వెతికాడు. "మా గొంతక్క ఏదండీ? ఇక్కడే వదిలి వెళ్లాను."

"నేనే... నేనే కదరా!"

అతను మర్యాదగా నవ్వాడు. పెద్దవాళ్ల జోకు అర్థంకానివాడిలా.

మధ్యలో ఉన్న గాజులో తన మొహం కనిపిస్తుందని ఆమెకు తెలుసు. అటు తిరగలేదు. తల వంచుకుని చీకటి మెట్లు దిగి వీధిలో పడింది. కొట్లన్నీ మూసి ఉన్నాయి. ఎదురైన ఇద్దరు ముగ్గురు ఆగి, నోళ్లు తెరిచి, దారి వదిలారు. ఒక్కరూ దగ్గరికి రాలేదు.

మూతపడిన కొట్టు అరుగు మీద కూర్చుంది. చేతిలో ఎప్పుడూ చూడని ఖరీదైన ఫోన్. భర్త నంబరు నొక్కింది.

"ఎవరండీ?"

"నేను..."

"నేనంటే? చూడండి, మా ఆవిడ ఇప్పుడే ఊరి నుంచి దిగింది. పాపను పడుకోబెడుతోంది. తర్వాత చేయండి."

పెట్టేశాడు. మళ్లీ చేసింది. చాలాసేపు మోగింది. ఎత్తింది మాత్రం ఆయన కాదు. అలవాటుగా ఫోన్ దిండు పక్కన వదిలినట్టున్నాడు. దుప్పటి కిందనుంచి చిన్న ఊపిరి.

"ఎవరు?"

బొంగురు గొంతుతో ఏం చెప్పినా బెదిరిపోతుంది. అందుకని కథే మొదలుపెట్టింది, వీలైనంత మెత్తగా. "ఒక ఉడత ఉండేది. దానికి తోక చూసుకుంటే ఒకటే సిగ్గు..."

"ఇది మా అమ్మ కథ," అంది చిట్టి.

"అవునమ్మా. అమ్మేం చేస్తోంది?"

"ఇదే చెప్తోంది." పిల్ల గొంతు ఇంకా తగ్గించింది. "కానీ... అమ్మకి ముందు మాట వస్తోంది. తర్వాత నోరు కదులుతోంది."

"చిట్టీ, లే. నాన్న దగ్గరికి వెళ్లు. ఇప్పుడే వెళ్లు."

దుప్పటి కదిలిన చప్పుడు. తర్వాత, పిల్ల ఊపిరికి చాలా దగ్గరగా...

బీప్.

బీప్.

బీప్.

"ఫోనెవరే, చిట్టీ?" అంది గొంతక్క గొంతు, తేనెలా.