డ్రిల్లు మాస్టరుకు ఉడికిన ఉలవలు

ఓర్వకల్లు మిషన్ బడికి కొత్తగా వచ్చిన డ్రిల్లు మాస్టరు లేవి, ఊరి బయటి బండిబాటను తాడుతో, పోనూ రానూ మైలు అయ్యేట్టు కొలిచి, మొదట్లో సున్నంతో గీత గీశాడు. మర్నాడు పొద్దున్నే వెళ్లి చూస్తే గీత మీద రెండు ఎద్దులు నిలబడి ఉన్నాయి. వాటి పలుపులు పట్టుకుని, అదే బడిలో ఒకటో తరగతి చెప్పే రత్నమణి నిలబడి ఉంది.

ఇది తన ట్రాకు అన్నాడు లేవి. తాతల నాటి బండిబాట అంది రత్నమణి. తాను మద్రాసులో వ్యాయామ విద్య చదివి వచ్చానని చెప్పి, రుజువుగా మెడలోని స్టాప్‌వాచీ ఎత్తి చూపించాడు. ఎద్దులకు టైము చూడడం రాదని ఆమె చాలా మర్యాదగా విచారించింది. ఈలోగా ఎద్దులు గీతను తొక్కి, ఉన్న కాస్త సున్నాన్నీ మట్టిలో కలిపేశాయి.

అవి మామూలు ఎద్దులు కావు. ఊరి రెడ్డిగారి బండలాగుడు ఎద్దులు. పోటీలకు వాటిని తయారు చేసేది రత్నమణి తండ్రి దాసన్న. చుట్టుపక్కల పది ఊళ్లలో ఆ పనిలో ఆయన మాటకు తిరుగులేదు.

లేవి ఉద్యోగం ఏడాదికే. ఫిబ్రవరి చివర్లో కర్నూలులో జరిగే జిల్లా ఆటల్లో ఉపాధ్యాయుల మైలు పందెం గెలిస్తే ఖాయం చేస్తామని, లేకపోతే డ్రిల్లు ఖర్చు దండగేనని బడి మేనేజరుగారు చెప్పేశారు. ఈ సంగతి విన్నాక లేవి పొద్దునా సాయంత్రమూ పరుగెత్తడం మొదలుపెట్టాడు. రత్నమణి తరగతి పిల్లలకు ఆ నెల అచ్చులు సరిగా రాలేదు. తరగతి కిటికీ బండిబాట వైపు ఉండడం తప్ప వేరే కారణం కనిపించదు.

స్టాప్‌వాచీ పట్టుకోవడానికి ఒక మనిషి కావలసి వచ్చింది. పిల్లలకిస్తే పగలగొడతారు. పంతులమ్మకిస్తే తిడుతుంది గాని పగలగొట్టదు. అలా సాయంత్రాలు ఆమె గీత దగ్గర నిలబడడమూ, వచ్చిన టైమును అతని నోటుబుక్కులో రాయడమూ మామూలైంది. గడ్డం కింద చెమట తుడుచుకుంటూ అతను "ఎంత?" అని అడిగితే, వాచీ చూసి చెప్పాల్సింది అతన్ని చూసి చెప్పి, రెండుసార్లు తప్పు రాసింది కూడా.

జనవరి చివర్లో ఒకరోజు ఆమె నోటుబుక్కు వెనక్కి తిప్పి చూసింది. డిసెంబరులో మైలుకు అయిదు నిమిషాల ఇరవై సెకండ్లు. ఇప్పుడు అయిదు నలభై. పక్కన ఇంకో వరస అంకెలుంటే ఏమిటని అడిగింది. నిద్ర లేవగానే తన నాడి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో రాస్తున్నానన్నాడు. మొదట్లో యాభై ఎనిమిది. నిన్నటికి డెబ్బై నాలుగు.

"ఇది చూసి మీకేం తెలిసింది?" అంది రత్నమణి.

"ఇంకా ఎక్కువ పరుగెత్తాలని."

"మా నాయన ఎద్దు చెవి పట్టుకుని చూస్తాడు. పొద్దున్నే చెవి వేడిగా ఉంటే ఆ పూట కాడి ఎత్తడు. పందెం ముందు రెండు దినాలు అసలు కట్టు విప్పడు. మీ చెవి డెబ్బై నాలుగుంటే ఇంకా పరిగెత్తతాండారే."

"నేను ఎద్దును కాదు."

"ఎద్దయితే ఈపాటికి పండుకునేది. దానికా మాత్రం బుద్ధి ఉండాది."

లేవి కోపంగా వెళ్లిపోయాడు. రెండు రోజులు మద్రాసులో చదివిన దొరల వ్యాయామ పుస్తకం తిరగేశాడు. విశ్రాంతి గురించి అందులో ఒక అధ్యాయమే ఉంది. అది చివర్లో ఉండడం వల్ల, ఇన్నాళ్లూ చదివే తీరిక లేక, పరుగుకు వెళ్లిపోతూ వచ్చాడన్నమాట. మూడోనాడు నోరు మూసుకుని దాసన్న ఇంటికి వచ్చాడు.

దాసన్న అతన్ని చుట్టూ తిరిగి చూశాడు. పిక్కలు నొక్కాడు. మోకాలు వంచి చూశాడు. పళ్లు చూడబోతే రత్నమణి వారించింది.

"సరుకు మంచిదేనప్పా, తోలేవాడే సరిగ్గాలేడు," అన్నాడు దాసన్న. "తోలేది ఎవురు?"

"నేనే," అన్నాడు లేవి.

"అదే చెప్తాండా."

అప్పటినుంచి ఒకరోజు గట్టి పరుగు, మర్నాడు నడక. గట్టి పరుగు కూడా వారం వారం కొంచెం పెంచడం, బండకు బరువు పెంచినట్టు. పూటపూటకూ ఉడికిన ఉలవలు. నోటుబుక్కులో నాడి అరవైకి దిగింది, టైము అయిదు పదిహేనుకు వచ్చింది.

పందెం శనివారం. గురు, శుక్రవారాలు లేవి కాలు కదపకూడదని దాసన్న ఆజ్ఞ. బసలో ఉంటే ఆగడని, బడికి సెలవు పెట్టించి, పగలంతా తన అరుగు మీదే కూర్చోబెట్టి, ఒళ్లంతా నువ్వులనూనె రుద్ది, కాపలాకు కూతురి చేతా సెలవు పెట్టించాడు. రెండుసార్లు అతను అరుగు దూకబోయి, ఆమె చూపుకు ఆగిపోయాడు.

ఆ దారిన పోతున్న చర్చి సంఘపెద్ద ఏసన్న ఈ దృశ్యం చూశాడు. పెళ్లి కావలసిన పిల్ల ఉన్న ఇంట్లో ఒక పడుచువాడు ఒళ్లంతా నూనెతో, పనీపాటా లేకుండా, రెండు రోజులు పెట్టింది తింటూ కూర్చున్నాడంటే ఆ ఊళ్లో ఒకటే అర్థం. అడగడం మర్యాద కాదని ఏసన్న అడగలేదు.

శనివారం కర్నూలు మైదానంలో లేవి మూడు చుట్లు నాలుగోవాడిగా, ఏ తొందరా లేనట్టు పరుగెత్తాడు. దాసన్న తాడు అవతలినుంచి "ఇప్పుడు తోలు" అన్నాడు. అయిదు నిమిషాల ఆరు సెకండ్లు. రెండోవాడు ఇంకా మలుపు దగ్గరే ఉన్నాడు. ఉద్యోగం ఖాయమని మేనేజరుగారు అక్కడికక్కడే చేయి కలిపారు.

తిరుగు ప్రయాణంలో బస్సులో లేవి రత్నమణికి ఏ చుట్టు ఎన్ని సెకండ్లయిందో వివరించాడు. నాలుగు చుట్లూ వివరించాడు. ఇంకేమైనా చెబుతాడేమోనని ఆమె ఓర్వకల్లు దాకా ఎదురుచూసింది. గాలి ఎటునుంచి వీచిందో చెప్పాడు.

ఆదివారం గుడిలో మగవాళ్ల వైపు లేవి, ఆడవాళ్ల వైపు రత్నమణి. ఆ సంఘంలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ఇద్దరి పేర్లూ చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లు లేచి చెప్పమంటారు. పాస్టరు అయ్యగారు ఏసన్న ఇచ్చిన కాగితం విప్పి చదివారు: లేవి, దాసన్నగారి కుమార్తె రత్నమణి. ఇది మొదటిసారి.

దాసన్న బిత్తరపోయి కూతురి వైపు చూశాడు. కూతురు నేలచాప అల్లిక చూస్తోంది. లేచి కాదనడానికి ఆమెకు కావలసినంత సమయం ఉంది. కాళ్లే లేవలేదు.

లేచింది లేవి. రత్నమణి గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో రాసుకోవడానికి ఎవరూ లేరు.

"అభ్యంతరం కాదయ్యా," అన్నాడు లేవి, చెవుల దాకా ఎర్రబడి. "ఆమెను నేనింకా అడగలేదు. రెండు నెలలుగా అడగాలనే ఉంది. ఒక్క నిమిషం ఇస్తే ఇప్పుడే..."

"కూర్చోండి మాస్టరుగారూ," అంది రత్నమణి, తల ఎత్తకుండానే, అందరికీ వినిపించేటట్టు. "తొందరేముండాది? ఇంకా రెండు ఆదివారాలు ఉండాయి."